దూడతోలు పుస్తకం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర చెయ్యి ఇంకా తడబడుతుంది. ఒక పుట రాయాలంటే ఒక పూట పడుతుంది. జగన్నాధం మాస్టారు ఒకసారి చూసి దిద్దారు. ఇంకా తప్పులుంటే అవి నావే. మన్నించి చదవండి.

మాస్టారిది బొబ్బిలి. పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి ఆయన మా భావనపాడు వచ్చింది అరవై ఏడులో. చేపలు కోసి, ఉప్పు పెట్టి, ఇసకలో ఆరబోశాక మధ్యాహ్నం మా ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికేది. అప్పుడు గంగమ్మ గుడి ముందు తాటాకు పందిట్లో పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లం. కాకులు చేపల మీద వాలకుండా ఒక కన్ను అటు, ఒక కన్ను పలక మీద.

పాఠం అయ్యాక ఆయన ఒక పుస్తకం తీసి చదివి వినిపించేవారు. యూరపు దేశాల్లో పుస్తకాలు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకం అది. గోధుమరంగు అట్ట, నున్నగా ఉండేది. అచ్చుయంత్రం లేని కాలంలో అక్కడి సన్యాసులు ఒక్కొక్క పుస్తకాన్నీ చేత్తో రాసేవారట. ఎవరూ ఎత్తుకుపోకుండా చర్చిలో బల్లకు గొలుసేసి కట్టేవారట.

"మా మేకని కట్టినట్టా?" అంది గురమ్మ. గురమ్మది మా పక్కిల్లు. నోరు ఊరికే ఉండదు.

తర్వాత జర్మనీ దేశంలో ఒక కంసాలి సీసం కరిగించి అచ్చులు పోశాడని మాస్టారు చదివారు. అప్పటికి మేము అ, ఆలు అయిపోయి క, ఖలు దిద్దుతున్నాం.

"అచ్చులు ఆయన పోసినాడు సరే, మరి హల్లులు ఎవలు పోసినారు మాస్టారూ?" అని అడిగింది గురమ్మ.

ఆయన కళ్లజోడు తీసి, నవ్వు ఆపుకోలేక, పైపంచెతో ముఖం తుడుచుకున్నారు. మాలో సగం మందికి అందులో నవ్వేదేముందో తెలియలేదు. నాకూ తెలియలేదు. సీసం పోసి చేసిన అక్షరాన్ని కూడా అచ్చే అంటారని ఆయన చెప్పాకే తెలిసింది.

కొన్ని నెలలకు నేను గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వచ్చాను. ఆ రోజుల్లోనే దూడతోలు మాట వచ్చింది. కాగితం లేని రోజుల్లో అక్కడ తోలు మీద రాసేవారని మాస్టారు చెప్పారు. గురమ్మ ఇంటికి వెళ్లి మొగుడికి చెప్పింది. మొగుడు తెప్ప మీద చెప్పాడు. తెప్ప ఒడ్డుకు వచ్చేసరికి "ఆ దేశంలో రాసేవోరంట" అన్న ముక్క సముద్రంలో పడిపోయి, "మాస్టరు పుస్తకం దూడతోలుది" అన్నది మాత్రం మిగిలింది.

అదే సమయంలో వలలు ఖాళీగా వస్తున్నాయి. మాస్టారు తల్లికి జబ్బు చేసిందని బొబ్బిలి వెళ్లారు. వెళ్తూ ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "నేనొచ్చేలోగా కూడబలుక్కుని చదువుతూ ఉండండమ్మా" అన్నారు. మా పందిట్లో కూడబలుక్కోవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మర్నాడు కులపెద్ద పోతురాజు మావ మనుషుల్ని వెంటబెట్టుకుని పందిరి దగ్గరికి వచ్చాడు.

"ఒసే లక్ష్మణమ్మా, ఆ పుస్తకం ఇలాగ తే."

"ఏటికి మావా?"

"ఏటికేటి? గంగమ్మ తల్లి ఎదట ఆవుదూడ తోలెట్టి సదువులు సదూతన్నారు. సేపలెక్కడి నుంచి వస్తాయి? గంగలో కలిపేస్తాను. రేపట్నుంచి ఈ పలకలూ వద్దు, ఏటీ వద్దు."

"అది తోలు కాదు మావా, కాయితం."

"అట్ట సూడు ఎలాగున్నాదో. నీకేటి తెలుసు?"

నిజమే, నాకేం తెలుసు? ఆ అట్ట పట్టుకుంటే తోలులాగే ఉండేది. మాస్టారిని అడగాలని నాకు తట్టలేదు. మా ఆయన సముద్రం మీద వేటకెళ్లి రాని ఏడాది నుంచి ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా, అందులో ఏముందో తెలియకుండా వేలు నొక్కినదాన్ని. పుస్తకం సముద్రంలోకి వెళ్తే మళ్లీ ఆ వేలే గతి. అది తలుచుకునే నోరు తెరిచాను.

"కాయితం ఎలాగ పుట్టినాదో ఇందులోనే ఉన్నాది. సదువుతాను. ఇన్నాక నీ ఇష్టం."

పోతురాజు మావ ఇసకలో గొంతుక్కూర్చున్నాడు. "సదువు. తోలని వస్తే అక్కడే ఆపేసి ఇచ్చీ."

పుట వెతికి పట్టుకున్నాను. మొదటి వాక్యం మీదే నా కళ్లు ఆగిపోయాయి. "పూర్వం ఆ దేశాల్లో గ్రంథాలను దూడల చర్మం మీద రాసేవారు." తర్వాతిది ఇంకా పెద్దది. "ఒక్క పెద్ద మతగ్రంథానికి నూరుకు పైగా దూడల చర్మాలు కావలసివచ్చేవి."

అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరికీ చదువు రాదు. ఆ రెండు వాక్యాలూ దాటేసి కిందనుంచి మొదలుపెడితే అడిగేవాడు లేడు. నాకు ముందు అదే తోచింది. ఆ వెంటనే ఇంకోటి తోచింది. ఇన్నాళ్లూ నా చేత వేలు వేయించుకున్నవాళ్లు నాకు చదివి వినిపించేటప్పుడు ఎక్కడెక్కడ దాటేశారో!

మొదటినుంచే చదివాను. "చర్మం" దగ్గర ఒత్తు అడ్డొచ్చింది. చ, ర, మ అని విడదీసి, మళ్లీ కలిపి, గట్టిగా పలికాను. నూరు దూడలూ చదివాను. వెనక ఎవరో "శివశివా" అన్నారు.

"అయిపోయినాది. ఇలాగిచ్చీ," అని పోతురాజు మావ చెయ్యి చాచాడు.

"అవి ఆ కాలంలో పుస్తకాలు మావా. ఇంకా ఉన్నాది. పుట్ట సివర దాకా ఇను," అన్నాను. కంగారులో పుట కాస్తా పుట్ట అయింది.

"పుట్టేటి, పాములపుట్టా?" అంది గురమ్మ. ఎవరూ నవ్వలేదు. పోతురాజు మావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ముందుకూ జరపలేదు. నేను చదివాను.

"తరువాత కాగితం వచ్చింది. చిరిగిన నారబట్టలు, పాత మోకులు, ఓడలపై పాతబడిన తెరచాపలు..."

"ఆగు," అన్నాడు మావ. "సాపలా?"

"సాపలే మావా. తెరసాపలని రాసున్నాది."

"మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. వాటిని నీళ్లలో నానబెట్టి, దంచి గుజ్జు చేసి, జల్లెడ మీద పలచగా తేల్చి ఆరబెట్టేవారని కూడా చదివాను. ముసలివాళ్లు దగ్గరికి జరిగారు. మా ఆయన తెప్ప రాలేదు కానీ దాని తెరచాప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అక్కడున్నవాళ్లలో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అలా వెళ్లినవాళ్లే.

పోతురాజు మావ పుస్తకం తీసుకున్నాడు. ఇస్తే ఏమవుతుందో తెలియకపోయినా ఇచ్చాను. అట్ట మూల అరిగినచోట గోటితో గీరాడు. ఒక పోగు పైకి లేచింది. దాన్ని మెల్లగా లాగి ఎండకు పట్టి చూశాడు.

"నేత. తోలుకి పడుగూ పేకా ఉంటాదేటి? గంజెట్టి నున్నగ తోమినారు," అన్నాడు, నాతో కాదు, పక్కవాళ్లతో.

పోగును పారెయ్యకుండా మొలతాడుకు చుట్టుకుని, పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

"మిగతాది సదువు."

"నాకు మెల్లగా వస్తాది మావా."

"మెల్లగానే సదువు. సేపలెలాగూ లేవు."

ఆ వారమంతా వలలు ఖాళీగానే వచ్చాయి. పుస్తకం మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పోతురాజు మావ పందిట్లోకి ఎప్పుడూ రాలేదు. బయట నీడలో వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. నేను ఏదైనా మాట మింగితే, తలెత్తకుండానే "ఏటన్నావు?" అని అడిగేవాడు.

— సూరాడ లక్ష్మణమ్మ, నలభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు చెల్లెలి దగ్గర, కళింగపట్నంలో ఉంటున్నాను.