సర్దని గది

లోకంలోని స్త్రీజాతి యావత్తుకూ అభయప్రదానం చేయడానికి ఆ వారం సకల దేశాలూ ఆ హోటలుకు వేంచేశాయి. ముఖద్వారం మీద పందిరంత గుడ్డ వేలాడదీశారు: 'ఏ స్త్రీ ఒంటరి కాదు.' గదులు సర్దే ఆడవాళ్లు మాత్రం యథాప్రకారం వెనకవైపు నుంచి, చెత్తడబ్బాలను ఒరుసుకుంటూ లోపలికి వచ్చారు.

సభా గౌరవార్థం మేనేజరుగారు ఒక శాసనం చేశారు. అంతవరకూ గది సర్దేటప్పుడు తలుపు బార్లా తీసి, గుడ్డలబండిని గుమ్మానికి అడ్డంగా పెట్టడం ఆనవాయితీ. ఆ బండే వాళ్లకు కోట, ఆ చక్రాలే కాపలా భటులు.

"ప్రపంచమంతా నడిచే దారిలో మాసిన దుప్పట్లా? బళ్లు లోపల పెట్టుకుని తలుపులు మూసుకోండి," అన్నారాయన.

"ఒంటరిగానా బాబూ?" అంది పెద్దక్క. ఆ అంతస్తులో అందరికన్నా పాత మనిషి కనుక ఆమె అందరికీ పెద్దక్కే.

"ఎవరు తింటారమ్మా నిన్ను?"

"నన్ను తింటే వాళ్ల పళ్లే ఊడతాయి. పిల్లల మాట చెప్పండి."

అందరూ నవ్వారు. మేనేజరుగారూ నవ్వారు. శాసనం మాత్రం నవ్వలేదు.

పిల్లలంటే ఆమె తలపులో ఉన్నది మేనకోడలు. పోయిన తమ్ముడి కూతురు. తనే పెంచి, తనే పనిలో పెట్టించింది. చదువుకున్న పిల్ల. పెద్ద గదులు ఇద్దరూ కలిసి సర్దేటప్పుడు, ప్రతినిధుల బల్లల మీది తీర్మానం తిరగేసి, దుప్పటి దులుపుతూనే ప్రవచనం చెప్పేది.

"అత్తా, విను. 'పనిచేసే చోట ఏ స్త్రీ భయపడే పరిస్థితి ఉండరాదు.' ఎంత బాగా రాశారో!"

"బాగుంది. ఆ దిండు గలీబు కూడా అంత బాగా తొడుగు."

మర్నాడు, మేనకోడలు తలుపు మూసుకుని ఒక్కతే సర్దుతున్న మూలగదిలోంచి ఏదో పగిలిన చప్పుడైంది. పెద్దక్క తన దగ్గరి తాళంచెవితో తలుపు తీసింది. మేనకోడలు స్నానాలగది గుమ్మంలో ముడుచుకుని ఉంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. చొక్కా చిరిగి గుండీలు నేలంతా దొర్లాయి. ఆ గదిలో దిగిన పెద్దమనిషి, సభకు విందులన్నీ సమర్పిస్తున్న దాత, అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"కాలు జారింది పాపం. చూసుకో," అని కోటు సవరించుకుని, స్త్రీరక్షణ మీద నాలుగు మంచిమాటలు పలకడానికి కిందికి దిగాడు.

పెద్దక్క పిల్లను ఒళ్లో వేసుకుంది. ముఖం తుడిచి తువ్వాలు కప్పింది. పోలీసులకు కబురు పెట్టించింది. వాళ్లు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగిన కాసేపట్లోనే అనర్థం జరిగిపోయింది. మనసు ఏడుస్తూనే ఉంది. చేతులకు ఏడవడం తెలియదు, సర్దడమే తెలుసు. సగం జీవితం అవి ఏ గదిలో ఊరికే ఉన్నాయి గనుక? నెత్తుటి మరక తుడిచాయి. గాజుపెంకులు ఎత్తాయి. గుండీలు ఏరి చెత్తలో పోశాయి. పిల్లకు చిరగని చొక్కా తొడిగాయి. మాసిన దుప్పటిని ఉతుకుడు గదికి పంపి, కొత్తది ముడత లేకుండా పరిచాయి.

పోలీసాయన వచ్చేసరికి గది కడిగిన ముత్యంలా ఉంది.

"ఇక్కడ ఘోరమా? పిల్లి కూడా దొర్లినట్టు లేదే! కాలు జారితే పెదవి చిట్లదా ఏంటి?"

"మా వాళ్ల పనితనం అలాంటిదండి," అన్నారు మేనేజరుగారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాళ్లను మెచ్చుకుంటూ.

తనేం చేసిందో పెద్దక్కకు అప్పుడు తెలిసింది.

ఇంట్లో పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద ముట్టలేదు. చీకటిపడే వేళకు ఒక్క మాట అడిగింది: "నువ్వు కూడా తుడిచేశావా అత్తా?"



మర్నాడు మధ్యాహ్నం ఉతుకుడు గదిలో, ఆవిరి మధ్య, మహాసభకు పోటీసభ కూడింది. మాసిన మూటలే ఆసనాలు. అధ్యక్షస్థానం ఉతుకుడు యంత్రానిది. అందరు అధ్యక్షుల్లాగే అదీ ఆపకుండా మోగుతూ ఉంది కనుక, తక్కినవాళ్లు అరిచి మాట్లాడవలసి వచ్చింది.

"పనిలోంచి తీసేస్తే నా పిల్లలకు నువ్వు పెడతావా?"

"వాడి విందు తినని అధికారి ఉన్నాడా? వాణ్ణెవడు పట్టుకుంటాడు?"

"అయినా ఆ పిల్లకు తీర్మానాలెందుకు, గమ్మున పని చేసుకోక!"

"నోరు ముయ్యవే! చదివితే చొక్కా చింపుతారా?"

పెద్దక్క లేచింది. "నేనే తుడిచాను. పెంచిన చేతుల్తోనే వాడి పాపం కడిగాను. ఎవరూ చెప్పలేదు. అలవాటు."

ఎప్పుడూ పరాచికాలాడే ఇస్త్రీ వదిన ఈసారి నవ్వలేదు. "నా వంతు వచ్చిననాడు నా దుప్పటి నేనే ఉతుక్కున్నాను పెద్దక్కా. ఈ యంత్రంలోనే."

"నేనూ," అంది ఒక మూట మీంచి ఇంకో గొంతు. తర్వాత మరొకటి. చివరికి గమ్మున పని చేసుకోమన్న ఆమె కూడా, "నేనూ," అంది.

"అయితే ఇక సర్దొద్దు," అంది పెద్దక్క. "బండి గుమ్మంలో, తలుపు బార్లా. వాణ్ణి పట్టుకునేదాకా ఏ పక్క మీదా ఒక్క ముడత తీయొద్దు."

"నా మొగుడి పక్క కూడానా?" అంది ఇస్త్రీ వదిన. ఏడుస్తూనే నవ్వారు.

సంతకాల రోజున ముస్తాబు కావడానికి ప్రతినిధులు పైకి వచ్చారు. ఒక్క గదీ సర్దలేదు. ప్రతి గుమ్మానికీ అడ్డంగా బండి, బండి వెనక ఆడమనిషి. మేనేజరుగారు బతిమాలారు, బెదిరించారు, మళ్లీ బతిమాలారు. కొందరు ప్రతినిధులు గడియారాలు చూసుకున్నారు. విశ్వస్త్రీ విమోచన విమానాల వేళకు ముగియాలి కదా! తెల్లజుట్టు ప్రతినిధి ఒకామె మాత్రం దుబాసీని పిలిచి, మీకేం కావాలని అడిగించింది.

"కొత్తగా ఏమీ వద్దమ్మా. మీరు రాసిందే కావాలి. పనిచేసే చోట భయం ఉండరాదని రాశారంట. మా పిల్ల చదివింది. చదివిన మర్నాడే..."

పెద్దక్క మూలగది వైపు చెయ్యి చూపింది. ఇస్త్రీ వదిన తక్కిన మాట చెప్పింది. దాన్ని ఆ ప్రతినిధి భాషలో చెప్పబోయి దుబాసీ సగంలో ఆగిపోయింది. ఆ సగం వినే తెల్లజుట్టు ప్రతినిధి, సంతకానికి తెచ్చుకున్న కలాన్ని మాసిన గుడ్డల మీద పెట్టి, బండికి ఇవతల, పెద్దక్క పక్కన వచ్చి నిలబడింది. ఆమె వెనక మరికొందరు. అందరూ కాదు.

పోలీసులు వచ్చారు. మూలగది వైపు కాదు. అతిథులకు ఆటంకం కలిగించిన నేరానికి పెద్దక్కను పట్టుకున్నారు. ముఖద్వారం గుండా, 'ఏ స్త్రీ ఒంటరి కాదు' అన్న గుడ్డ కిందనుంచి నడిపించుకుపోయారు. ఆ ద్వారంలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. వెనక ఏ బండీ గుమ్మం వదల్లేదు. ఎదుటి హోటలు కిటికీలోంచి, అక్కడ గదులు సర్దే ఎవరో ఒక మాసిన దుప్పటి వేలాడదీశారు. ఆ పక్క కిటికీలో ఇంకొకటి దిగింది.

ఠాణా ఖైదుగదిలో మూలన ఒక దుప్పటి ఉండచుట్టి ఉంది. ఏ ఆడమనిషి కప్పుకుని వదిలిందో, మీద ఎండిన నెత్తుటి మరక. పెద్దక్క చేతులు వాటంతటవే అందుకుని కొసకు కొస కలిపాయి. అంతలో ఆమె ఆగింది. వేళ్లను ఒక్కొక్కటే విప్పి, మరక పైకి కనిపించేలా దాన్ని నేలమీద వదిలేసింది.

"ముసలమ్మా, అది మడిచిపెట్టు," అన్నాడు కాపలా జవాను.

"ఉండనీ నాయనా," అంది. "ఎవరో ఒకరు చూడాలి."