నెల రోజులకి పడాల్సిన ఎరువు

మా అన్నయ్యని అందరూ గడియారం అనేవాళ్ళు. కోడి కూడా అతను లేచాడో లేదో చూసుకునే కూస్తుందని మా వదిన వెక్కిరించేది. పొద్దుతిరుగుడు చేనుకి ఏ రోజు ఏం చెయ్యాలో తలుపు వెనక సుద్దతో రాసుకుని, ఆ రోజు దాటనిచ్చేవాడు కాదు. పదకొండేళ్ళుగా తన చేలోని మంచి పువ్వులు ఏరి, ఆ గింజే మళ్ళీ విత్తేవాడు. అడిగిన రైతులందరికీ ఇచ్చేవాడు. నేను నూనె మిల్లులో గింజ పరీక్ష చేస్తాను. నూటికి నలభై పైన నూనె ఉండే గింజ తెచ్చేది మా అన్నయ్య ఒక్కడే.

ఆ ఏడు రెండో విడత యూరియా వెయ్యాల్సిన రోజు వచ్చింది. మొగ్గ తొడిగే ముందు, నెల రోజులకి పడాలది. ఎరువుల కొట్లో సరుకు లేదు. లారీ రేపు వస్తుందన్నారు. మర్నాడూ అదే మాట. అన్నయ్య రోజూ సైకిల్ మీద వెళ్ళి, వరసలో నిలబడి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. చేలో ఆకులు కిందినించి పాలిపోయాయి. పళ్ళెమంత అవాల్సిన పువ్వులు అరచెయ్యి దాటలేదు.

లారీ వచ్చేసరికి గింజ పాలు పోసుకుంటోంది. నేను ఫోన్ చేసి వెయ్యొద్దన్నాను. ఇప్పుడు వేస్తే చేను పచ్చబడుతుందే గానీ నూనె తగ్గుతుందనీ, కోత ఆలస్యమవుతుందనీ చెప్పాను. అతనికి తెలియంది కాదు.

"కళ్ళ ముందు ఎండిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?" అన్నాడు.

వేసేశాడు.

వారం తిరక్కుండా చేను నిగనిగలాడింది. దారిన పోయేవాళ్ళు ఆగి మెచ్చుకున్నారట. కోతకి గుర్తుగా పసుపెక్కాల్సిన పువ్వు వెనక భాగం ఇంకా పచ్చగానే ఉందని మాత్రం వదిన రోజూ నాకు చెప్పేది. కోత రోజు దాటి ఇరవై రోజులైంది. ముసురు పట్టింది. తడి పువ్వులే కోసి వసారాలో, మంచం కింద, వంటింట్లో పరిచారు. చాలావాటికి అప్పటికే బూజు.

నమూనా గింజ అన్నయ్యే డబ్బాలో తెచ్చాడు. ముప్పై ఒకటి వచ్చింది. మిల్లు ముప్పై ఐదుకి తక్కువైతే తీసుకోదు. పరికరం తుడిచి మళ్ళీ చూశాను. మూడోసారి చూడబోతుంటే, ఇక చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

అంతకంటే అతని బెంగ విత్తనం గురించి. వంద గింజలు తడి కాగితంలో చుట్టి వారం ఉంచాను. నలభై మొలిచాయి, అందులో సగం వంకర వేళ్ళు.

"ఏం చేసుంటే నిలిచేది?" అని అడిగాడు.

"నెల రోజులకి వేసుంటే, అన్నయ్యా."

"నెల రోజులకి నా దగ్గరేముంది?"

నేను ఆ కాగితం విప్పి మొలకలు మళ్ళీ లెక్కపెట్టాను.

నిరుటి గింజ ఎవరి దగ్గరైనా మిగిలిందేమోనని వాకబు చేశాం. అందరూ విత్తేశారు. అందరి చేలూ అదే లారీ కోసం ఎదురుచూశాయి. మా గింజ పక్షుల మేతకి పోయింది.

మరుసటి కారుకి అన్నయ్య పొట్లాల విత్తనం కొని వేశాడు. బాగానే మొలిచిందని వదిన ఫోన్‌లో చెప్పింది. అన్నయ్యకి ఇమ్మంటే, పొలంలో ఉన్నాడంది. ఏం చేస్తున్నాడని అడిగాను.

గట్టు మీద కూర్చున్నాడట.