సగం వస్తే పైకే

…అయినా నన్ను అడగకుండా దాన్ని అడగడమేమిటి, పద్దెనిమిదేళ్లుగా ఈ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తున్నదాన్ని నేను, నిన్నగాక మొన్న వచ్చిన ఏఐ యంత్రం అది, పైగా అడుగుతున్నది ఎవరు, నా పక్క సీట్లో కూర్చునే సందేహాల రాణి, ఆ పేరు పెట్టింది కూడా నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో గంటకో సందేహం మోసుకొచ్చేది, కుర్చీ చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చి అక్కా, ఇది కరెక్టేనా అనేది, అబ్బబ్బ మళ్లీ వచ్చావా అని విసుక్కునేదాన్ని, లోపల మాత్రం పొంగిపోయేదాన్ని, ఇప్పుడు అటు తిరిగి కూర్చుని దానికి టైపు చేస్తోంది, నవ్వుకుంటోంది కూడా, దానితో నవ్వులేమిటో.

సాయంత్రం అయిదింటికి పిల్లల ఆసుపత్రికి ప్రోగ్రాము వెళ్లాలి, బిడ్డ బరువు కొడితే మూర్ఛ మందు ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పే ప్రోగ్రాము, ఇన్నాళ్లూ పాత సర్వరు మీద నడిచింది, ఇవాళ కొత్తదాని మీదకి మారుతుంది, అక్కడ ప్రోగ్రాము రాసిన భాష కూడా కొత్త వెర్షనే, లెక్కలో రెండున్నర చుక్కలని వస్తే అర చుక్క వెయ్యలేరు కదా, మూడు వెయ్యాలి, సగం వస్తే పైకే అని పిల్లల డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు, ఆ పని చేసే వరుస ప్రోగ్రాములో ఒక్కటే, అది నేను రాసిందే, కొత్త సర్వరు మీదా ఇలాగే చేస్తుందా అని కిందటేడు సందేహాల రాణి అడిగితే చేస్తుందిలే అన్నాను, ఆ వరుస పక్కన అక్క చెప్పింది అని రాసుకుంది, మా ఆఫీసులో అదో అలవాటు, పరీక్ష ఫలితం రాయాల్సిన చోట అక్క చెప్పింది అని రాస్తే చాలు, మేనేజరు మారు మాట్లాడకుండా సంతకం పెట్టేస్తాడు, ఆ రెండు మాటలు కనబడినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది, ఉంటుంది మరి, ఎవరికుండదు.

ఓరకంట చూశాను, దాని జవాబు ఆమె స్క్రీన్ నిండా ఉంది, పక్కన అక్క చెప్పింది అని ఉందిగాని దానికి ఆధారం నాకెక్కడా దొరకలేదు అంటోంది, తనకి గుర్తున్నదీ తప్పు కావచ్చు కాబట్టి ఆ భాష తయారుచేసినవాళ్ల పత్రాలే తెరిచి చూసిందట, కొత్త వెర్షన్‌లో నియమం మారిందట, సరిగ్గా సగం వస్తే పక్కనున్న సరిసంఖ్యకి పోతుందట, ఆ రాతనీ నమ్మి ఊరుకోకుండా రెండు వెర్షన్ల మీదా రెండు వందల బరువులతో నడిపి చూసిందట, పదకొండు చోట్ల తేడా వచ్చింది, ఆసుపత్రివాళ్లు ఇప్పటికీ పాత పద్ధతే కోరుతున్నారో లేదో మాత్రం నాకు తెలియదు, డాక్టరుగారినే అడగండి అంటోంది, తెలియదట, ఎంత తేలిగ్గా అనేసింది, అదే మాట నేనంటే ఈ గదిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను, ఎంత ఓపికో చూడండక్కా, అన్నీ వెతికింది అంది సందేహాల రాణి, నాకు ఒళ్లు మండిపోయింది, ఓపికట, నా ఓపిక గురించి ఎవరైనా ఎప్పుడైనా ఒక్క మాటన్నారా.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు, ఎవరొచ్చి అడిగినా విప్పి చూస్తేగాని చెప్పలేనండీ అనేవాడు, ఎదురు కొట్టులోని ఆయన చేతిలోకి తీసుకోగానే స్ప్రింగు పోయిందనేవాడు, జనం ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు, బడిసంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని నేను నాన్నని చూసి సిగ్గుపడేదాన్ని, నేనైతే ఎవరేమడిగినా ఠక్కున చెప్తానని అప్పుడే అనుకున్నాను, అన్నట్టే చేశాను, చేస్తూనే ఉన్నాను.

పదకొండు చోట్లంటే నిజంగా పదకొండేనా, లేనివి కల్పించి చెప్తాయంటారు కదా ఇవి, నమ్మినవాళ్లదే తప్పు, దాని బండారం నేనే బయటపెడతాను, దాని బరువులొద్దు, నా బరువులు నావి, కిలోకి అర చుక్క, అయిదు కిలోల బిడ్డ, రెండున్నర, కొత్త సర్వరు మీద కొట్టాను, రెండు అంది, వేలు జారిందేమో, మళ్లీ కొట్టాను, మళ్లీ రెండే, ఏడు కిలోలు, మూడున్నర, నాలుగొచ్చింది, అమ్మయ్య, చెప్పలేదూ, ఆగు ఆగు, నాలుగు సరిసంఖ్యే కదా పిచ్చిమొహమా, తొమ్మిది కిలోలు, నాలుగున్నర, అయిదు రావాలి, నాలుగు. మూడు చుక్కలు పడాల్సిన బిడ్డకి రెండే పడితే, మందు చాలక మళ్లీ మూర్ఛ వస్తే, ఆ తల్లి వచ్చి ఎందుకిలా అయిందని అడిగితే, ఆ ఫైల్లో అక్క చెప్పింది, ఇంత కళ్లముందు కనబడుతున్నా నాకు ముందు వచ్చిన బాధ బిడ్డ గురించి కాదు, ఇది దానికెలా దొరికింది, నాకెందుకు దొరకలేదు అనే, ఛీ, ఏం మనిషిని నేను.

మేనేజరు తలుపు దగ్గర నిలబడి పంపేద్దామా అక్కా అన్నాడు, నన్నే చూస్తూ, దాన్ని కాదు, పొద్దుటినుంచీ నేను కోరుకున్నది అదే, ఊఁ అంటే చాలు, సంతకం పెట్టేస్తాడు, నా గౌరవం నాకుంటుంది, ఆపండి అన్నాను, ఆ వరుస తప్పు, అప్పుడు నేను చూడలేదు, తెలిసినట్టు చెప్పేశాను, ఇంకా ఇలాంటివి ఎన్నున్నాయో కూడా నాకు తెలియదు. మేనేజరు ఒక్క క్షణం బిత్తరపోయి డాక్టరుగారికి ఫోన్ చెయ్యడానికి వెళ్లాడు, నేను సందేహాల రాణి మొహంలోకి చూశాను, ఆశ్చర్యం ఉంటుందనుకున్నాను, లేదు, నాకప్పుడే అనుమానంగా ఉండిందక్కా, మీరు చూశారా అని రెండోసారి కూడా అడిగాను, గుర్తుందా అంది, కోపం లేకుండా, మెల్లగా, గుర్తుంది, ఎందుకు గుర్తులేదు, నామీద నమ్మకం లేకపోతే నువ్వే రాసుకో తల్లీ అన్నాను, అందరూ వినేలా, అందరూ నవ్వేలా, ఆమె తల వంచుకుని తన సీటుకి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఒక్క సందేహం కూడా నా దగ్గరికి తేలేదు, అప్పటికి ఈ యంత్రం మా ఆఫీసుకి ఇంకా రానే లేదు.