పిన్ని పెట్టుకున్న పోట్లాట

ఆ వీధికి చవక డేటా ప్లాన్ అంటించింది పిన్నే. కుట్టుమిషన్ ముందు కూర్చుని, కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాళ్ళకీ "ఇంత చవగ్గా ఇంకెక్కడా రాదు, తీసుకోండి" అని నూరిపోసింది. నెల తిరిగేసరికి వీధి వీధంతా అదే ప్లాన్. సాయంత్రమైతే చాలు, అందరూ వీడియోలకి అతుక్కుపోవడమే. ఉన్నది ఒక్క టవరాయె. పాపం, ఎంతమందికని పంచుతుంది?

ఆ మంచిపని చివరికి వాళ్ళింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న అక్క కూతురి మెడకే చుట్టుకుంది. నిన్న సాయంత్రం ఫోన్లో వీడియో ఇంటర్వ్యూ. అమ్మాయి పేరు చెప్పేలోపే బొమ్మ ఆగిపోయింది. కంపెనీవాళ్ళు దయతలచి ఇవాళ అదే వేళకి ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఆ తర్వాత ఇక లేదన్నారు.

పొద్దున్నే పిన్ని ఇంటింటికీ తిరిగి కాసేపు ఫోన్లు ఆపమని బతిమాలింది. అందరూ తలలూపారు. తీరా సాయంత్రమయ్యాక, నా ఒక్క ఫోనుతో ఏమవుతుందిలే అని ఎవరికి వాళ్ళే మొదలుపెట్టారు. వెనకగదిలో తలుపులు బిగించుకున్న అమ్మాయి ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంది.

పిన్ని కుట్టుకొట్లోనే ఓ మూల గడియారాలు బాగుచేసే బాబాయి తల వంచుకుని పనిలో ఉన్నాడు. పిన్ని విసురుగా వచ్చి పక్కనున్న స్టూలు తీసి వీధిలో పడేసింది.

"బయటికి రా. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి."

గొంతు పెంచి ఎరగని మనిషి. బాబాయి బిత్తరపోయి బయటికొచ్చాడు. "ఏం తేలాలి?"

"నీతో నా కాపురం."

ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. బాల్కనీల్లోకి తలలొచ్చాయి. మెట్ల మీదికి మనుషులొచ్చారు. చూస్తున్న వీడియోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకతను ఫోనెత్తబోతే, "ఫోన్ తీసినవాడికి ఈ జన్మలో చొక్కా కుట్టను" అంది పిన్ని. అతను బుద్ధిగా జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆవిడ ఓరకంట వెనకగది వైపు చూసింది. బాబాయికి చటుక్కున వెలిగింది. ఈవిడకి ఇంత బుర్రెక్కడిదిరా అని మురిసిపోయి, తనూ చొక్కా చేతులు మడిచాడు.

"నీ నస భరించలేకే గడియారాల్లో తల దూర్చుకు బతుకుతున్నాను."

"నీ గురకకి మిషన్ చప్పుడు నయం."

అలా చాలాసేపు దులిపేసుకున్నారు. చివరికి పిన్నికి తిట్లు నిండుకున్నాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా బాగుందన్నావా? కూర కాదు, కుట్టు కాదు. నన్ను."

బాబాయి మడిచిన చొక్కా చేతులు మెల్లగా దించుకున్నాడు.

అంతలో అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "నువ్వు మొదలెట్టాక బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు పిన్నీ. చేరమన్నారు."

పై అంతస్తు మాస్టారు విషయం అర్థమై ఉసూరుమన్నారు. "అంటే ఇదంతా ఉత్తిదేనా?"

"ఉత్తిదే లెండి" అంటూ పిన్ని కళ్ళు తుడుచుకుని నవ్వింది.

బాబాయి స్టూలు తీసి నిలబెట్టాడు. "అంతా ఉత్తిది కాదు" అన్నాడు, అందరూ వింటుండగానే. "నువ్వు బాగుంటావు. ఎప్పుడూ బాగుంటావు. నాకే చెప్పడం చేతకాలేదు."

పిన్ని వెళ్ళి ఆ స్టూలు మీద కూలబడింది. ఫోన్ల కోసం లోపలికి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.