గొడుగు ముయ్యండమ్మా!

నేను ఒక గొడుగును. నల్ల గుడ్డ, ఎనిమిది ఊచలు, వంకీ తిరిగిన చెక్క పిడి. మూడు మడతలు పడి చేతిసంచిలో దూరిపోయే ఇప్పటి రకాన్ని కాను. నన్ను పట్టుకుని నడిస్తే మనిషికి కాస్త పెద్దరికం వస్తుంది. ఈ మాట నేను అనడం లేదు, నన్ను అమ్మిన కొట్టాయన అన్నాడు. అమ్మేవాడి మాట నమ్మకూడదంటారు గానీ, నా విషయంలో నమ్మవచ్చు.

విశాఖపట్నంలో ఏటా డిసెంబరులో సముద్రం ఒడ్డున నేవీ వాళ్లు చేసే విమానాల విన్యాసాలు మీరు చూసే ఉంటారు. ఊరు ఊరంతా ఇసుకలో కూర్చుంటుంది. నేను ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నాను, ఒక్క ఏడూ మానలేదు. అయినా మొన్న డిసెంబరు దాకా ఒక్క విమానాన్ని కూడా కళ్లజూసిన పాపాన పోలేదు. నవ్వకండి, కారణం వింటే మీకే జాలేస్తుంది.

తెరిచి ఉన్నప్పుడే నాకు చూపు. మూస్తే నా గుడ్డలో నేనే చుట్టుకుపోయి చీకట్లో పడి ఉంటాను. విమానాలు రాకముందు ఎండలో నన్ను తెరిచి పెడతారు. అప్పుడు ఆకాశంలో ఏముంటుంది? ఒక గద్ద, నాలుగు కాకులు. తీరా దూరాన హోరు మొదలవగానే వెనక నుంచి వంద గొంతులు లేస్తాయి. “గొడుగు ముయ్యండమ్మా!” అంతే, టప్పున మూసేస్తారు. ఆకాశం ఖాళీగా ఉన్నంతసేపూ నాది, అందులో ఏదైనా వస్తే వాళ్లది. ఇదెక్కడి న్యాయం?

ఇక లోపలి నుంచి వినడమే. “తలకిందులుగా ఎల్తంది సూడు!” అంటారు. “ఓలమ్మ ఓలమ్మ, గుద్దేసుకుంటాయేటి!” అంటారు. అవన్నీ ఓర్చుకున్నాను గానీ, ప్రతి ఏడూ చివర్లో ఒక మాట వినబడేది. అది మాత్రం నా ప్రాణం తోడేసేది. “అదిగో, గొడుగులేసుకుని దిగిపోతన్నారు!”

గొడుగులా! ఎవరు వాళ్లు? మా వాళ్లేనా? ఎన్ని ఊచలు? మనిషి గొడుగును పట్టుకోవడం నాకు తెలుసు. గొడుగు మనిషిని పట్టుకోవడమేమిటి? ఆలోచించి ఆలోచించి నా ఊచలు తుప్పు పట్టాయి.

సరే, నా సంగతి మొదటి నుంచీ చెబుతాను. పూర్ణా మార్కెట్లో నన్ను కొన్నది పైడితల్లి, గాజువాకలో కాపురం. ఆవిడ ఆడపడుచు నూకరత్నం అనకాపల్లిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. ఈ వదినా మరదళ్లిద్దరూ కలిసి ఒక ఏడు విన్యాసాలకు వచ్చారు. అంతా అయ్యి బస్సు ఎక్కబోతుంటే తుఫాను ముసురు పట్టింది. పైడితల్లి నన్ను మరదలి చేతిలో పెట్టి, “తడిసిపోతావే, పట్టుకెల్లు. వొచ్చే ఏడు తెద్దుగానిలే” అంది.

మరుసటి ఏడు నూకరత్నం నన్ను బుద్ధిగా తెచ్చి ఇచ్చింది. ఆ రోజు వాన లేదు. “రేపు ఎండలో తిరగాలి కదే, పట్టుకెల్లు. వొచ్చే ఏడు తెద్దుగానిలే” అంది పైడితల్లి. ఆ పై ఏడు ఎండా లేదు, వానా లేదు, మంచు ఉందంది. అప్పటికి నాకు విషయం అర్థమైంది. మనుషులకు కలుసుకోవాలని ఉంటే చాలదు, ఒక సాకు కూడా కావాలి. ఆ సాకును నేనే. ఒక ఏడు బస్సు తలుపులో ఇరుక్కుని నా గుడ్డ చిరిగితే నూకరత్నం ఎర్ర జాకెట్టు పీలికతో మాసిక వేసింది. నల్లటి నా ఒంటి మీద ఎర్రటి మాసిక. ఏం అందమో ఏమో గానీ, అంత జనంలో, ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన సబ్‌మెరైన్ దగ్గర ఆ ఎర్ర మాసికను చూసే పైడితల్లి మరదలిని వెతుక్కుంటూ వచ్చేది.

అలాంటిది, కిందటేడు ఇద్దరికీ చెడింది. నూకరత్నం కొడుకు గౌరీశుకు పైడితల్లి కూతురు హేమను చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకున్న మేనరికం. తీరా పెళ్లీడు వచ్చాక, “గౌరీశు బావ నాకు అన్నలాంటోడే” అంది హేమ. పైడితల్లి కూతురి మాట విని వేరే సంబంధం చేసింది. గౌరీశు మాత్రం హాయిగా పెళ్లికి వెళ్లి మూడు పూటలా భోంచేసి, హేమ మొగుడితో ఫొటో దిగి వచ్చాడు. కాపురం చేయవలసిన వాళ్లకు లేని కోపం నూకరత్నానికి వచ్చింది. పెళ్లికి వెళ్లలేదు. వదిన పెట్టి పంపిన చీర కొడుకు చేతే వెనక్కి పంపింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నన్ను తలుపు మూలకు విసిరేసింది. వర్షాకాలమంతా ఆవిడ తడుస్తూ తిరిగిందే గానీ నన్ను ముట్టుకోలేదు.

డిసెంబరు వచ్చింది. ఆ పొద్దున నూకరత్నం నన్ను దులిపి చంకలో పెట్టుకుంది. “దీన్ని తీసుకెల్లి దాని మొకాన కొట్టేసి వొచ్చేత్తాను. దానికీ నాకూ ఇంక ఏటీ నేదు” అంది.

గౌరీశు బూట్లు టకటకలాడిస్తూ, “అంత దూరం ఎందుకమ్మా? నాను డూటీకి గాజువాకే కదా ఎల్తన్నాను, ఇచ్చేత్తాను” అన్నాడు.

“నువ్వు నోర్ముయ్యి!”

మొహాన కొట్టి వచ్చేసేదానికి డబ్బా నిండా బెల్లం గవ్వలు గలగలమని ఎందుకు పోసుకుందో నాకు తెలియలేదు. పైడితల్లికి గవ్వలంటే ప్రాణం. బస్సులో నా పిడిని ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తూనే ఉంది. నాకూ లోపల గుబులుగానే ఉంది. పైడితల్లి వస్తే ఈవిడ నన్ను ఇచ్చేస్తుంది, సాకు తీరిపోతుంది. రాకపోతే ఈవిడ నన్ను సముద్రంలో పారేసినా పారేస్తుంది. ఎటుచూసినా ఆ ఇద్దరి మధ్యా మిగిలిన ఆఖరి ముడి నేనే.

సబ్‌మెరైన్ దగ్గర, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నన్ను తెరిచి, ఎర్ర మాసిక రోడ్డు వైపు వచ్చేలా తిప్పి పట్టుకుంది. జనం నిండిపోయారు. ఎండ వెనక మేడల మీదికి జారుకుంది, ఇసుకంతా నీడ పడింది. పైడితల్లి జాడ లేదు.

హోరు మొదలైంది. వెనక నుంచి మామూలు పాట. “గొడుగు ముయ్యండమ్మా!”

నూకరత్నం ముయ్యలేదు.

“ఏటమ్మా, ఎండా నేదు, వానా నేదు. అల్పుడికి ఐశ్వర్యం వొత్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంట!” అన్నాడొకాయన. చుట్టూ నవ్వులు.

“మంచు పడతంది. నా గొడుగు, నా ఇష్టం” అంది నూకరత్నం. నా గొడుగట! ఇచ్చేయడానికి తెచ్చిన మనిషి అనవలసిన మాటేనా?

అయితే నేనిక ఆ గొడవ వినలేదు. నా ఆకాశంలోకి మొట్టమొదటిసారి విమానం వచ్చింది! మూడు వచ్చాయి. చూశానని అనుకునేలోపే లేవు. అవి పోయాక గాని అసలు మోత రాలేదు. మనుషులు అంత ఆర్భాటం చేస్తారే గానీ, ఇంత తొందరగా పోయేదాన్ని చూడ్డానికి ఇంతసేపు కూర్చుంటారా అనిపించింది. తర్వాత తూనీగల్లా హెలికాప్టర్లు వచ్చాయి. వాటి గాలికి నేను వెనక్కి తిరగబడబోతే నూకరత్నం రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ మాత్రం ఆకాశం చూడడం లేదు. తల తిప్పకుండా ఎదురుగా నీళ్లనే చూస్తోంది, చెవులు మాత్రం వెనక రోడ్డు వైపే ఉన్నాయి.

అప్పుడు పైనెక్కడో ఒక విమానం నుంచి నల్లటి చుక్కలు రాలాయి. మూసిన గొడుగులు! నిట్టనిలువునా పడిపోతున్నాయి. చచ్చారురా అనుకున్నాను. అంతలో ఒకటి తెరుచుకుంది. నారింజ రంగు. ఎంత విశాలమో! ఊచల్లేవు, పిడి లేదు. నాలుగు తాళ్లు, కింద వేలాడుతూ ఒక మనిషి. ఊచలు లేకుండా ఎలా నిలిచింది? రెండోది తెరుచుకోబోతోంది...

“ఆ గొడుగు ముయ్యవే రత్నం! గంట నుంచీ నీ ఎనకాలే కూకున్నాను, ఒక్క ఇమానం కనబడనిచ్చావేటి?”

అందరూ ముయ్యండమ్మా అన్నారు. ఈ గొంతొక్కటే ముయ్యవే అంది.

నూకరత్నం వెనక్కి తిరగలేదు. “గంట నుంచీ ఉంటే పిలవ్వొచ్చు కదా?”

“నువ్వు తిరిగి సూడొచ్చు కదా?”

“సూత్తే నువ్వు నేకపోతేనో?” అంది నూకరత్నం.

నన్ను టప్పున మూసేసింది. రెండో గొడుగు తెరుచుకుందో లేదో నాకు తెలియదు. అయినా కోపం రాలేదు, నిజంగా. చీకట్లో ఇసుక చప్పుడు వినబడింది, ఎవరో వచ్చి పక్కన చతికిలబడ్డారు. డబ్బా మూత తీసిన చప్పుడు. గవ్వలు కరకరలాడాయి.

“పెల్లికి మేనత్త రాలేదని పిల్ల పీటల మీదే ఏడిసిందే.”

“నాను ఇంట్లో కూకొని ఏడిసాను వొదినా. ఎవులికి సెప్పుకోను?”

గవ్వలు మళ్లీ కరకరలాడాయి. ఆకాశంలో ఏవేవో జరిగాయి, జనం కేకలు వేశారు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా తలెత్తి చూశారని నేను అనుకోను.

అంతా అయిపోయి జనం కదిలారు. నూకరత్నం లేచి, నన్ను వదిన చేతిలో పెట్టింది. “ఇదిగో, నీ గొడుగు” అంది. ఆవిడ గొంతులో పొద్దుటి పౌరుషం లేదు, భయం ఉంది.

పైడితల్లి నన్ను తెరిచింది. ఎర్ర మాసికను వేలితో తడిమింది. పైన చుక్కలు మెరుస్తున్నాయి. ఎక్కడా మబ్బు తునక లేదు.

“వానొచ్చేలాగుందే, పట్టుకెల్లు. వొచ్చే ఏడు తెద్దుగానిలే.”

ఇప్పుడు నేను అనకాపల్లిలో, తలుపు మూల ఉన్నాను. మూసే ఉన్నాను. ఒక్కటే ఆలోచన. ఆ ఆకాశం గొడుగులు వాటికింద వేలాడేవాళ్ల సొంతమా, లేక వాళ్లు కూడా ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకుని ఏటేటా తిరిగి ఇవ్వడానికే దిగి వస్తారా?