నాలుగో బెడ్డాయనకు ఏ పుస్తకం ఇవ్వాలి

డయాలసిస్ గదిలో మనిషికి ఒక్క చెయ్యే మిగులుతుంది. రెండో చేతికి రెండు సూదులుంటాయి. ఒక గొట్టం రక్తాన్ని తీసుకుపోతే ఇంకోటి తెచ్చిపెడుతుంది. ఆ చెయ్యి కాస్త కదిలిందా, మెషీన్ కూత పెడుతుంది. అందుకని ఆ నాలుగు గంటలూ ఒంటిచేత్తో పట్టుకోగలిగిన పుస్తకమే పుస్తకం. లావుపాటి నవలలు అక్కడ పనికిరావు. పేపరు మడతెయ్యబోతే మొహాన పడుతుంది. పల్చటి బొమ్మల పుస్తకమైతే ఛాతీ మీద నిలబెట్టి బొటనవేలితో పేజీ తోసెయ్యొచ్చు.

ఈ కిటుకు మొదట కనిపెట్టింది మూడో బెడ్డు టైలరమ్మ. ఆవిడ కోడలు లైబ్రరీలో పనిచేస్తుంది. అత్తగారికి యాభై ఐదేళ్లు దాటాక అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. “సగం కథ బొమ్మలే చెప్పేస్తాయి అత్తయ్యా, మిగతా సగానికే మీరు కష్టపడాలి” అని కామిక్స్ ముందు పెట్టింది. ఐదేళ్లయినా టైలరమ్మ చదువు నడకే గాని పరుగు కాలేదు. మాటల బుడగల్లో అచ్చక్షరాలు ఎలాగో కూడబలుక్కుంటుంది. చేతిరాతలాగా వంకర్లు తిప్పి రాస్తే మాత్రం అక్కడే చతికిలబడుతుంది.

లైబ్రరీకి కొత్తగా ఏ కామిక్ వచ్చినా, ఏ గ్రాఫిక్ నవల వచ్చినా, లేబులు తడి ఆరకముందే ఆవిడ సంచీలోకి చేరేది. అక్కడి నుంచి బెడ్డు తర్వాత బెడ్డు తిరిగేది. రెండో బెడ్డు హెడ్‌మాస్టారు రిటైరై పదేళ్లయినా పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మార్కులు వెయ్యందే ఊరుకోడు. “ఇందులో వాన బాగా గీశాడమ్మా, కథకి మాత్రం ముప్ఫై ఐదు మార్కులు, పాస్. ఐదో బెడ్డుకి ఇవ్వండి, ఆవిడకి వానంటే ఇష్టం” అనేవాడు. ఎవరికి ఏది పడుతుందో చెప్పడంలో టైలరమ్మది కొలత తీసుకున్నంత కచ్చితమైన చూపని అందరూ ఒప్పుకున్నారు. ఆవిడ ఇచ్చింది నచ్చలేదన్నవాళ్లు లేరు.

నాలుగో బెడ్డాయన లిఫ్టు మెకానిక్. నలభై ఆరేళ్లు. ఆరేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు ఆ బెడ్డే. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ఆయన పేరుండేది. పోయిన నెల డాక్టర్లు గుండె పరీక్ష చేసి, ఆపరేషన్‌కి ఈ గుండె తట్టుకోదని ఆ పేరు కొట్టేశారు. మర్నాడు సూదులు గుచ్చించుకుంటూ పక్కకి తిరిగి మెల్లగా చెప్పాడు.

“ఇక మానేద్దామనుకుంటున్నా అక్కా.”

“ఏది, సిగరెట్లా?”

“అవి ఎప్పుడో మానేశా. ఇక్కడికి రావడం.”

రావడం మానేస్తే ఎన్నాళ్లో ఆ గదిలో అందరికీ తెలుసు. వారం, మహా అయితే పది రోజులు. ధైర్యం చెప్పే మాటలు టైలరమ్మ దగ్గర లేవు. ఉన్నవి ఆయన ఆరేళ్లుగా వింటూనే ఉన్నాడు. సంచీలో చెయ్యిపెట్టి ఒక కామిక్ తీసి ఆయన ఛాతీ మీద పెట్టింది.

“కొత్తది. పడవ నడుపుకునే అక్కాచెల్లెళ్లు తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ రేవు తర్వాత రేవు తిరుగుతారు. ఇది మొదటి భాగం.”

ఆయన చదివాడు. ఆఖరి పేజీలో తుఫాను లేచి పడవ సగం ఒరిగింది. అక్కడితో భాగం అయిపోయింది.

“రెండోదేదీ?”

“బుధవారం.”

రెండోది అప్పటికే ఆవిడ సంచీలో ఉంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. ఆవిడ ఒక్కసారికి ఒక్కటే తెచ్చేది. తుఫాను నుంచి బయటపడ్డారో లేదో తెలియాలంటే ఆయన బుధవారం రావాలి. రేవులో కనిపించిన చొక్కా తమ్ముడిదో కాదో తెలియాలంటే శుక్రవారం రావాలి. అలా రెండు వారాలు లాక్కొచ్చింది. నాలుగో భాగం దగ్గర ఆయన నవ్వాడు.

“మిగతావి మీ ఇంట్లోనే దాచారని నాకు తెలుసులే అక్కా. పిల్లాడికి బిస్కెట్ చూపించినట్టు చూపిస్తున్నారు.”

“తెలిస్తే నోరుమూసుకుని చదువు” అంది టైలరమ్మ.

ఆరో భాగంతో చిక్కొచ్చిపడింది. ఏడోది, ఆఖరిది, లైబ్రరీకి ఇంకా రాలేదు. వచ్చేవారం రావచ్చు, ఆ పైవారమూ కావచ్చు అంది కోడలు. ఆ శుక్రవారం ఆయన నాలుగు కిలోల నీళ్లు ఒంట్లో పెట్టుకొచ్చాడు. నీళ్లు కొలిచి తాగాల్సినవాడు దాహానికి పగ్గం వదిలేశాడన్నమాట. బరువు చూసి సిస్టర్ కేకలేసింది.

“ఏంటండీ ఇది! గుండెకి ఎంత భారమో తెలుసా మీకు?”

“లిఫ్టుకైతే బరువెక్కువయ్యాక గంట కొడుతుంది సిస్టర్. మనిషికి అది బిగించలేదు” అన్నాడాయన.

అందరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. ఏడోది వచ్చేదాకా మధ్యలో ఏదో ఒకటి ఇవ్వాలి. ఏదో ఒకటి కాదు, పట్టుకుని ఆపేది ఇవ్వాలి.

శనివారం కోడలు ఒక గ్రాఫిక్ నవల తెచ్చింది. “ఇది నిన్ననే వచ్చింది. ఇంకా ఎవరూ చదవలేదు, నేనూ చదవలేదు. మీరు చదివాకే ఇవ్వండి అత్తయ్యా.”

ఒక బావి తవ్వే మనిషి కథ అది. అక్షరాలన్నీ చేతిరాతలో ఉన్నాయి, చీమలు పాకినట్టు. రెండు పేజీలకే ఆదివారం పొద్దంతా పోయింది. సాయంత్రం పిల్లల యూనిఫారాలకి గుండీలు కుట్టేది ఉంది. ఇక లాభం లేదని బొమ్మలు తిరగేసింది. పేజీలన్నీ నలుపు. అడుగున మనిషి, నడుముకి తాడు, పైన చిన్న తెల్లటి చుక్క. పేజీ తిప్పినకొద్దీ ఆ చుక్క పెద్దదవుతూ వచ్చింది. రూపాయి బిళ్లంత, పళ్లెమంత, పేజీ సగమంత. ఆఖరి పేజీ అంతా తెలుపే. బయటపడ్డాడు! టైలరమ్మకి కళ్లు చెమర్చాయి. ఆయన కోసమే గీసినట్టుంది అనుకుంది.

సోమవారం ఆ మాటే చెప్పి ఇచ్చింది. “నీకోసమే ఉందయ్యా ఇది. నిదానంగా చదువు.”

ఆయన నిదానంగానే చదివాడు. అయిపోయాక మొదటికొచ్చి మళ్లీ చదివాడు. హెడ్‌మాస్టారు రెండుసార్లు “ఎన్ని మార్కులోయ్?” అని అరిచినా పలకలేదు. సూదులు తీశాక టైలరమ్మ బెడ్డు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతికి కట్టిన దూది నొక్కిపట్టుకునే ఉన్నాడు.

“మీరు చదివే ఇచ్చారా అక్కా?”

బొమ్మలు చూశానంటే చులకనవుతానేమోనని, “చదివే ఇచ్చా” అంది.

“ఆఖరుదాకా?”

“ఆఖరుదాకా.”

ఆయన తలూపాడు. మొహం తేటపడింది. అంత తేటగా ఆ మొహాన్ని ఆవిడ ఈమధ్య చూడలేదు. “అందరూ ఉండు, ఉండు అనేవాళ్లేనక్కా. మీరొక్కరే అర్థం చేసుకున్నారు” అని, పుస్తకం ఆవిడ దిండు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

తన చూపు తప్పలేదని టైలరమ్మ మురిసిపోయింది.

బుధవారం నాలుగో బెడ్డు ఖాళీ. ఫోన్ చేస్తే రానన్నాడని సిస్టర్ చెప్పింది. అప్పటికే టైలరమ్మ చేతికి సూదులు గుచ్చేశారు. వెళ్దామన్నా కదలడానికి లేదు. సంచీలోంచి బావి పుస్తకం తీసింది. ఆఖరి పేజీ తెల్లగానే ఉంది. దాని ముందు పేజీలో, బొమ్మ అంచున, బావి మనిషి మాటలు, అదే చీమల చేతిరాతలో మూడు వరుసలు. ఒక్కో అక్షరం వేలితో పట్టుకుంది. పొల్లు దగ్గర ఆగింది, ఒత్తు దగ్గర ఆగింది. అరగంట పట్టింది.

‘తాడు నేనే విప్పుకున్నాను. పైనుంచి పిలుస్తున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. వెలుగు దగ్గరికి రావడం లేదు, నేనే చీకటిని వదిలేస్తున్నాను.’

మళ్లీ చదివింది, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. తప్పు లేదు. ఆ పూట తప్పు లేకుండా చదివింది.

“మాస్టారూ” అని పిలిచింది.

“ఏంటమ్మా?”

“ఏం లేదులెండి.” ఇంకా మూడు గంటలు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే పడుకుంది.

శుక్రవారమూ ఆయన రాలేదు. ఆ సాయంత్రమే కోడలు ఏడో భాగం తెచ్చింది, వెతికించి మరీ. రోజంతా తటపటాయించి, ఆదివారం మధ్యాహ్నం టైలరమ్మ ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

“బావి పుస్తకం ఇచ్చిన అక్క మీరేనాండీ? రోజూ మీ మాటే. మీరొక్కరే తనని తప్పుబట్టలేదట.” ఆ గొంతులో కోపం లేదు. ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు. “నేనేమో కాళ్లు పట్టుకున్నానండీ. వినలేదు.”

“ఒక్కసారి ఫోన్ ఇవ్వమ్మా.”

చాలాసేపటికి ఆయన ఊపిరి వినిపించింది, బస్తా ఈడుస్తున్నట్టు.

“తమ్ముడూ, నేను అబద్ధమాడాను. ఆ పుస్తకం నేను చదవలేదు. బొమ్మలు చూసి ఇచ్చాను. బయటపడ్డాడనుకున్నా. నాకా రాత రాదయ్యా. నిన్ను పొమ్మని ఇవ్వలేదు నేను.”

ఆయన చిన్నగా నవ్వాడు, దగ్గులాంటి నవ్వు.

“మీరు చదవకపోతే ఏంటక్కా. నేను చదివాగా.”

“ఏడోది వచ్చింది. రేపు తెస్తాను. రా, పోట్లాడుకుందాం.”

“లేవలేను. మీరే చదవండి.”

టైలరమ్మ ఫోన్ కుట్టుమిషను బల్ల మీద పెట్టి పుస్తకం విప్పింది. మొదటి గడిలో పొగమంచు, రెండో గడిలో పడవ ముక్కు, అని బొమ్మలు చెబుతూ, బుడగలు వచ్చినప్పుడు కూడబలుక్కుంటూ చదివింది. ఒక్క బుడగ కూడా వదల్లేదు. చెల్లెలు తెడ్డు పారేసుకున్న దగ్గర ఆయన “ఊఁ” అన్నాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. తొమ్మిది పేజీలయ్యాయి. ఇంకా ముప్ఫై ఉన్నాయి.

“చాలక్కా” అన్నాడు.

“తమ్ముడు దొరికాడో లేదో చూడవా?”

“చాలు. అలసిపోయా.”

ఫోన్ ఆయన భార్య తీసుకుంది. పడుకున్నారని చెప్పి పెట్టేసింది.

ఆయన మంగళవారం పొద్దున పోయాడు. బుధవారం టైలరమ్మ వెళ్లేసరికి నాలుగో బెడ్డుకి కొత్త దుప్పటి వేసి, కొత్త మనిషిని పడుకోబెట్టారు. స్కూలు వ్యాను డ్రైవరట. మొదటిసారి కాబోలు, సూదుల వంక చూడకుండా గోడ వైపు మొహం పెట్టుకున్నాడు. టైలరమ్మ సంచీ విప్పలేదు.

గంట గడిచాక హెడ్‌మాస్టారే పలకరించాడు.

“ఏడో భాగం వచ్చిందట కదమ్మా. చదివారా?”

“ఈసారి చదివాను మాస్టారూ. ప్రతి అక్షరం.”

“ఎలా ఉంది? చదవమంటారా?”

“వద్దు. తమ్ముడు దొరకడు. మొదటి భాగం తుఫానులోనే పోయాడట. వాళ్లకి తెలియక ఏడు రేవులు తిరిగారు.”

“అయ్యో, కథంతా చెప్పేస్తారేంటమ్మా!” ఆయన విసుక్కున్నాడు. అయినా ఖాళీగా ఉన్న చెయ్యి చాపాడు. “సర్లెండి, ఇటివ్వండి. ఇంకా మూడు గంటలు గడవాలిగా.”

ఆవిడ పుస్తకం తీసి అందించింది. ఎవరికి బాగుంటుందో, ఎందుకు చదవాలో ఏమీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.