రద్దు జాబితాలో లౌరీ పేరు

పొద్దున్నే జోస్లిన్ ఫోన్. విమానం తప్ప దారి లేని ఉత్తరాది ఊళ్ళో నర్సు ఆవిడ. గొంతు లేపిందంటే ఇక్కడ థండర్ బే పట్నంలో కిటికీలు అదరాల్సిందే.

"డెనీస్! మీ సర్వర్ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. నా సర్టిఫికెట్ చెల్లదట! ఇక్కడ పసివాడికి ఒళ్ళు కాలిపోతోంది. వాడికి ఏదో మందు పడదని వాళ్ళమ్మ అంటోంది, పేరు గుర్తులేదట. పాత వివరాలు చూడందే సూది ఎలా వెయ్యను?"

"డాక్టర్ని అడిగావా?"

"అడిగాను తల్లీ, ఆయనకీ తెరుచుకోవట్లేదు. అసలు ఎవరికీ తెరుచుకోవట్లేదు!"

ఆ సర్వర్ చూసుకునే ఉద్యోగం డెనీస్‌ది. ఉత్తరాన ఉన్న ఆరోగ్య కేంద్రాలన్నిటి రోగుల వివరాలూ ఆ సర్వర్లోనే ఉన్నాయి. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఆ మనిషి పేరున ఒక సర్టిఫికెట్ ఉండాలి. సర్వర్ దాన్ని చూసి, మనిషిని పోల్చుకుని, అప్పుడు లోపలికి పంపుతుంది.

సర్వర్ సొంత సర్టిఫికెట్ గడువు దాటిందేమోనని ముందు అదే చూసింది. దాటలేదు. సర్వర్లో గడియారం తప్పిందా అంటే అదీ లేదు. జోస్లిన్‌కి కొత్త సర్టిఫికెట్ చేసి పంపింది.

"ఊహూఁ. అదే పాట పాడుతోంది," అంది జోస్లిన్. "చేతకాకపోతే చేతకాదని చెప్పు, నేనే వచ్చి సుత్తితో తెరుస్తా!"

చివరికి, వచ్చిపోయేవాళ్ళ పద్దు రాసుకునే సర్వర్ లాగ్ తెరిచింది. వచ్చిన ప్రతి మనిషి పేరు పక్కనా ఒకటే మాట: రద్దు జాబితాకు గడువు తీరింది.

అయ్యో దేవుడా, అనుకుంది డెనీస్. ఆ జాబితా సంగతి ఆవిడకు తెలీకపోతేగా!

ఉద్యోగం వదిలినవాళ్ళ సర్టిఫికెట్లన్నీ రద్దు చేసి, ఆ పేర్లు ఒక జాబితాలో పెట్టి, నెలనెలా కొత్తగా సంతకం చెయ్యాలి. ఇన్నేళ్ళూ ఆ పని లౌరీ నిస్కానెన్‌ది. ఆ సర్వర్ కట్టినవాడూ, డెనీస్‌కి పని నేర్పినవాడూ ఆయనే. ఎవరైనా మానేస్తుంటే, వీడ్కోలు కేకు కొయ్యకముందే వాళ్ళ సర్టిఫికెట్ రద్దు చేసి వచ్చేవాడు. "ముందు తాళం, తర్వాత కేకు," అని నవ్వేవాడు. కేకు తినేవాళ్ళు మొహాలు మాడ్చుకున్నా లెక్కచేసేవాడు కాదు.

ఆ లౌరీయే చలికాలం చివర్లో ఇంటిముందు మంచు ఎత్తిపోస్తూ, పార పట్టుకునే కూలిపోయాడు. జాబితా పని డెనీస్ మీద పడింది. కొత్త జాబితాలో మొదట ఎక్కాల్సిన పేరు ఆయనదే. చెయ్యి రాలేదు పాపం. సంతకం చెయ్యమని కంప్యూటర్ గుర్తుచేసినప్పుడల్లా రేపు చూద్దాంలే అని మూసేసింది.

చెయ్యి రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన పోయిన కొన్నాళ్ళకి, సాయంత్రం భోజనాల వేళ లాగ్‌లో లౌరీ పేరు కనబడింది. మర్నాడూ అదే వేళకి వచ్చాడు. మొదటి పేజీ దాకా వచ్చి, రోగుల వివరాలేవీ ముట్టకుండా వెళ్ళిపోతున్నాడు. అప్పుడర్థమైంది, ఇంట్లోనే ఉండిపోయిన ఆయన ల్యాప్‌టాప్ తెరుస్తున్నది భార్య ఐలా అని.

ఆ మొదటి పేజీ లౌరీ సరదాకి చేసింది. వచ్చిన మనిషిని బట్టి పలకరిస్తుంది. జోస్లిన్‌కైతే "మెల్లగా మాట్లాడు తల్లీ" అంటుంది. లౌరీ వస్తే మాత్రం, "చాల్లే లౌరీ, ఇంటికి పో. ఐలా ఎదురుచూస్తోంది" అంటుంది.

ఆ ఒక్క ముక్క చదువుకోడానికి వస్తోంది పిచ్చితల్లి. ఎలా మూస్తారు ఆ తలుపు, మీరైనా? జాబితా పాతబడితే పాతబడుతుంది, ఇంకేమవుతుందిలే అనుకుంది డెనీస్. గడువు తీరిన జాబితా చేతిలో పెడితే సర్వర్ ఇంక ఎవరినీ నమ్మదని తోచనే లేదు.

"ఉన్నావా?" అని ఫోన్లో జోస్లిన్ అరిచింది. వెనకాల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

లౌరీ పేరు వదిలేసి సంతకం చేసినా తలుపు తెరుచుకుంటుంది. ఎవరికీ తెలీదు కూడా. కానీ చచ్చిపోయిన మనిషి తాళంచెవి ఊళ్ళో ఒక ఇంట్లో ఉంది, ఆ తలుపు వెనక ఈ పసివాడి లాంటి వాళ్ళ వివరాలన్నీ ఉన్నాయి. ఇప్పటికే తన మెత్తదనం వాడి ప్రాణం మీదికి తెచ్చింది. డెనీస్ జాబితాలో లౌరీ నిస్కానెన్ అని కొట్టింది, సంతకం చేసింది.

"వచ్చింది, వచ్చింది!" అంది జోస్లిన్. కాసేపటికి, "పెనిసిలిన్ పడదట వీడికి. అదే వెయ్యబోయాను నేను," అంది, ఈసారి చిన్న గొంతుతో.

సాయంత్రం డెనీస్ ఐలా ఇంటికి వెళ్ళింది. వంటింట్లో పొయ్యి మీద చేపల సూప్ ఉడుకుతోంది. బల్ల మీద ల్యాప్‌టాప్ మూసి ఉంది.

"ఐలా, మీతో ఒక మాట చెప్పాలి. లౌరీ సర్టిఫికెట్..."

ఐలా గరిటె పక్కన పెట్టింది. "నేను వస్తున్నట్టు నీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నోరు రాలేదు."

"తప్పని తెలుసు పిల్లా. లోపల ఒక్కటీ చూడలేదు, ఒట్టు."

"నాకు తెలుసు. ఆ పలకరింపు కాగితం మీద అచ్చువేసి ఇస్తాను, ఉంచుకోండి."

"కాగితం ఏం చేసుకోను? అది ఆయనొస్తే పలికేది," అంది ఐలా.

ల్యాప్‌టాప్ తెరిచి, ఎప్పటిలాగే నొక్కింది. తెల్లటి పేజీ మీద ఒకే వాక్యం వచ్చింది: ఈ సర్టిఫికెట్ రద్దయింది. ఐలా దాన్ని చాలాసేపు చదివింది. ఉన్నది అంతే మరి, ఎంతసేపు చదివితే మాత్రం ఏముంది.

"మంచిపని చేశావు. ఆయనైతే నేను కన్ను మూసిన రోజే నా పేరు కొట్టేసేవాడు," అంది నవ్వబోతూ. నవ్వు రాలేదు. "రోజూ ఆ పెట్టె చెబితేగానీ కదిలేవాడు కాదు, డెనీస్. ఇప్పుడు ఇంటికి పొమ్మని ఆయనకెవరు చెప్తారు?"

డెనీస్ బల్ల మీద తల పెట్టుకుని బావురుమంది. ఐలా కాసేపు ఆవిడ వీపు నిమిరింది. తర్వాత లేచి, లౌరీ గిన్నెలో సూప్ పోసి ఆవిడ ముందు పెట్టింది.

"తిను. చల్లారిపోతుంది," అంది.